పటిక నీళ్ల ఆచారం

మా తమ్ముని కిరాణా దుకాణం చేవెళ్లలో ఉన్నది; దుకాణానికి వెనుకవైపే ఇల్లు. నేను ఆడపిల్లల బడిలో తెలుగు పండితురాలిగా ఉద్యోగం చేసి, విరమణ పిమ్మట మొయినాబాదులో చిన్న ఇల్లు కట్టుకొని ఉంటున్నాను. తోబుట్టువులలో పెద్దదానను గనుక ఆ ఇంట ఏ చిక్కు పుట్టినా ముందుగా నాకే కబురు వస్తుంది. ఆ సోమవారం సాయంకాలం ఫోను చేసినది మా మరదలు, తమ్ముని భార్య.

“వదినె, రేపు పొద్దుగాల్నే రావాలె. కోడలి తండ్రిని బేస్తవారం మాపటికి రమ్మని కబురు పెట్టిన. పిల్లను అప్పజెప్పుతం.”

“అప్పజెప్పుడేంది? పెండ్లై ఏడాదన్న కాలేదు.”

“ఫోన్ల చెప్పే ముచ్చట కాదు.”

మంగళవారం ఉదయం నేను వెళ్ళేసరికి ఆమె నన్ను వంటింటిలోనికి తీసుకొనిపోయి తలుపు దగ్గరకు వేసింది. గొంతు తగ్గించి, “దానికి చెడ్డరోగమున్నది,” అన్నది.

“ఎవరు చెప్పిండ్రు?”

“నా ముక్కు చెప్పింది. తెల్లబట్ట అందరికైతది వదినె, నాకు తెల్వదా? ఇది అట్ల కాదు. చాపల వాసన. తాతల సంది మన ఇంట్ల చాపల కూర పేరెత్తలే. ఆ వాసన ఏడికెల్లొచ్చింది? డిగ్రీ చదివేటప్పుడు రెండేండ్లు హాస్టల్ల ఉన్నది. ఆడ ఏం చేసిందో, ఎవరితోని తిరిగిందో.”

“పిల్లగాడేమంటున్నడు?”

“వాడేమంటడు? దుకాణంల పండుకుంటున్నడు.”

నేను ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. మా వరుసలలో మేనల్లుని భార్య బిడ్డతో సమానం. ఆమె నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. పుట్టిల్లు మొయినాబాదు మండలంలోని హిమాయత్‌నగర్. తండ్రికి అక్కడ చిన్న అంగడి. ఆమె మంచం మీద కూర్చోక నేల మీద, గోడకు దూరంగా కూర్చొని ఉన్నది. నేను సమీపించగానే మరికొంత వెనుకకు జరిగింది.

“దూరముండు పెద్దమ్మా. మూడు నెలల సంది గిట్లనే ఉన్నది. దురద లేదు, నొప్పి లేదు, వాసనే. అత్తమ్మ చెప్పినట్లే రోజుకు రెండుసార్లు కడుక్కుంటున్న. కడిగినకొద్దీ ఎక్కువైతున్నది.”

ఆ చివరి వాక్యాన్ని నేను విన్నాను గాని ఆలకించలేదు. నా మనస్సంతా ఆ బేస్తవారం మీద, గురువారం సాయంకాలం రాబోయే ఆమె తండ్రి మీదనే ఉన్నది.

“నన్ను పంపిస్తరా పెద్దమ్మా? పంపితే పంపుండ్రి. గని ఈ పేరు పెట్టి పంపితే మా బాపు అంగడి తెరువడు. నా ఎనుక ఇంకో చెల్లె ఉన్నది.”

నేను వంటింటిలోనికి తిరిగి వచ్చి, దవాఖానకు తీసుకొనిపోతానన్నాను. మరదలు పొయ్యి ఆర్పి నా వైపు తిరిగింది.

“తీస్కపో. ఏ తప్పు లేదని కాగితం తెస్తే ఉంచుకుంట. లేకుంటే నువ్వడ్డం రావద్దు. బేస్తవారం మాపటి దాంక, అంతే.”

బయలుదేరే ముందు నేను ఒక పని చేశాను. వైద్యురాలు చూడవలసిన శరీరం శుచిగా ఉండవలెనని నా భావన. గోరువెచ్చని నీటిలో పటిక కరిగించి ఇచ్చి, “లోపలికంట మంచిగ కడుక్కొని రా బిడ్డా, ఆ డాక్టరమ్మ ముందట మన పరువు పోవద్దు,” అన్నాను. ఆమె మారుమాట లేకుండా చెంబు అందుకొన్నది.

మొయినాబాదులో మా వీధి చివర ఒక చిన్న దవాఖాన ఉన్నది. అక్కడి వైద్యురాలికి నలభై ఏండ్లు నిండి ఉండవు. ఆమె అమ్మాయిని తెర వెనుకకు తీసుకొనిపోయి పరీక్షించింది. నేను ఇవతల కుర్చీలో కూర్చొని, గాజుపలక గలగల, చేతితొడుగు చప్పుడు వింటున్నాను. కొంతసేపటికి ఆమె ఇవతలకు వచ్చి ఒక కాగితపు ముక్కను వెలుతురుకు పట్టి చూచింది. అది పసుపురంగులోనే ఉన్నది. గాజుపలక మీది తడికి ఏదో మందుచుక్క కలిపి వాసన చూచింది. తల అడ్డంగా ఊపింది. సూక్ష్మదర్శినిలో చూచి, కన్ను ఎత్తి, “పొద్దున ఏం పెట్టి కడుక్కున్నవమ్మా?” అని అడిగింది.

అమ్మాయి నా వంక చూచింది.

“పటికతో. నేనే కడుక్కొమ్మన్నాను,” అన్నాను.

“మీరేం పని చేసేవారు?”

“తెలుగు పంతులమ్మను.”

“మంచిది. ఇంట్ల దొంగలు పడ్డరనుకోండి. పోలీసులకు ఫోన్ చేసి, వాళ్ళొచ్చేలోపల ఇల్లంత కడిగి ముగ్గేస్తరా?”

ఆమె కోపగించలేదు, అలసటగా కుర్చీ జరుపుకొని చెప్పింది. పరీక్షకు కావలసిన స్రావం పటిక నీటితో కొట్టుకొనిపోయినది. ఆ కాగితం పులుపును కొలిచేది; పటిక నీళ్ళకూ పులుపుగుణమే గనుక దాని రంగు కూడ నమ్మదగినది కాదు. రోగమున్నదని ఇప్పుడు చెప్పలేనన్నది. లేదని అంతకన్నా చెప్పలేనన్నది.

“మందేదన్న రాసియ్యండి. ఇంట్ల చూపియ్య ఒక కాగితం కూడ,” అన్నాను.

“రాస్తే తగ్గొచ్చు. గని అది ఏ రోగమో మీ ఇంట్ల ఎవరికి చెప్తరు? కాగితం కావాలన్నరు గద. రెండు రోజులు లోపల నీళ్ళు తగలనియ్యొద్దు, మొగునితోని కలవొద్దు. మీద స్నానం చెయ్యొచ్చు. గురువారం పొద్దున రండి.”

లేవబోతుంటే ఆమె మరొక ప్రశ్న వేసింది. “ఈ పటిక అలవాటు ఎప్పటినుంచి?”

“పెండ్లైనప్పటి సంది,” అన్నది అమ్మాయి. “బయట చేరిన నాలుగో నాడు తలస్నానం చేసినంక ఐదు దినాలు లోపల పటిక నీళ్ళు పట్టాలె. అత్తోరింటి పద్ధతి. వాసన మొదలైనంక రోజూ పట్టమన్నరు.”

అప్పుడు ఉదయం వినని వాక్యం నాకు వినబడ్డది. కడిగినకొద్దీ ఎక్కువైతున్నది.

ఆ పద్ధతి మా మరదలిది కాదు. మా అమ్మది. నాకు పదమూడవ యేట మా అమ్మ నేర్పినది. మా అమ్మ కాలం చేసిన తరువాత, మరదలు కొత్త కోడలిగా ఆ ఇంట అడుగుపెట్టినప్పుడు, పెద్దాడబిడ్డ హోదాలో ఆమెను పెరటిలోనికి తీసుకొనిపోయి పటిక ఎంత, నీళ్ళెన్ని, ఎన్ని దినాలు అని వివరించినది నేను. బడిలో సంధులు చెప్పినంత నిష్ఠగా చెప్పాను. ఆమె అంతే నిష్ఠగా తన కోడలికి అప్పగించింది.

అమ్మాయిని చేవెళ్లకు పంపక మా ఇంటనే ఉంచుకొన్నాను. అక్కడ ఉంటే మరదలు కడుక్కొమ్మంటుంది, ఈమె కాదనజాలదు. బుధవారం నాడు మరదలు మూడుసార్లు ఫోను చేసింది.

“కాగితమొచ్చిందా?”

“రేపు పొద్దుగాల.”

“నిన్న పోయినవు గద? నిన్ననే ఎందుకియ్యలే? రోగం చూసి భయపడ్డదా ఆ డాక్టరు?”

నా తప్పు వలననే ఇవ్వలేదని చెప్పడానికి నాకు నాలుక రాలేదు. “మిషను చెడిపోయింది,” అన్నాను. అమ్మాయి వింటున్నది. ఆమె తన ఫోనును ఒడిలో పెట్టుకొని కూర్చొన్నది. మేనల్లుడు ఆ రెండు దినాలలో ఒక్కసారి కూడ చేయలేదు.

బేస్తవారం తెల్లవారుతుండగా స్నానాలగదిలో చెంబు చప్పుడైనది. వెళ్ళి చూచేసరికి ఆమె చెంబు నిండా నీళ్ళతో నిలబడి ఉన్నది. పక్కన నా పటిక ముక్క.

“ఒక్కసారి కడుక్కుంట పెద్దమ్మా. నా మీద నాకే అసహ్యమైతున్నది.”

“వద్దు బిడ్డా. ఇంక నాలుగు గంటలు.”

“నీకేం, నువ్వు చెప్తవు! ఆ డాక్టరమ్మ ముక్కు మూసుకుంటే?”

“ఆమెకు ఆ వాసననే కావాలె. చెంబు కింద పెట్టు.”

ఆమె పెట్టలేదు. నేను గుమ్మంలోనే పీట వేసుకొని కూర్చొన్నాను. కడుక్కొన్నదంటే సాయంకాలానికి మా చేతిలో ఏమీ ఉండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆమె చెంబును ఒక చేతి నుండి మరొక చేతికి మార్చుకొన్నది. చివరకు చెంబు వంచి నీళ్ళన్నీ నేల మీద పారబోసి, గోడకు ముఖం ఆనించి ఏడ్చింది.

ఆనాటి పరీక్షలో వైద్యురాలు ప్రతిదీ చెబుతూ చేసింది. స్రావం పలుచగా, బూడిద కలిసిన పాలవలె ఉన్నదన్నది. కాగితం ఈసారి ఆకుపచ్చకు తిరిగినది, పులుపు తగ్గినదన్నమాట. మందుచుక్క పడగానే ఆ చేపల వాసన గదిలో కొట్టింది. అమ్మాయి కండ్లు మూసుకొన్నది. వైద్యురాలు ముక్కు మూసుకోలేదు. “ఇగో, దొరికింది,” అన్నది, పోయిన వస్తువు కనబడ్డట్లు.

తరువాత నన్ను సూక్ష్మదర్శిని దగ్గరకు పిలిచింది. మొదట నా కనురెప్పలే కనబడ్డవి. అద్దం సరిచేసినాక పలుచని కణాలు కనబడ్డవి. ఒకటి రెండింటికి అంచులు చక్కగా గీసినట్లున్నవి. తక్కిన వాటి మీద సన్నని పిండి చల్లినట్లు చుక్కలు కమ్ముకొని, అంచు ఎక్కడ ముగిసినదో తెలియరాలేదు.

“ఆ అంచు పోయినవాటిని క్లూ సెల్స్ అంటం. మీద అతుక్కున్న చుక్కలు బ్యాక్టీరియా. గార్డ్‌నెరెల్లా అనేది ఎక్కువ, దానితోని ఇంకా చాల రకాలుంటయి. రంగేసి ఇంకో స్లైడ్ చూసిన. పొడుగ్గ పుల్లల్లెక్క ఉండాల్సినవి దాదాపు లేనేలేవు.”

“అవేమిటి?”

“మంచివి. పాలను పెరుగు చేసేవాటికి చుట్టాలు. లోపల పులుపుంచి కాపాడ్తయి. అవి తగ్గితే, ఎప్పుడూ కొద్దిగ ఉండే ఈ రకాలు పెరిగిపోతయి. బయటికెల్లి వచ్చిన దొంగలు కాదమ్మా, ఇంట్లవాళ్ళే బలిసిండ్రు. బ్యాక్టీరియల్ వెజినోసిస్ అంటరు. గోలీలతోని తగ్గుతది.”

“పటిక వలన వచ్చినదా?”

“పటికతోనే వచ్చిందని ప్రమాణం చెయ్య. ఎందుకొస్తదో పూర్తిగ ఎవరికీ తెల్వదు. మొగునితోని కలిసే ఆడవాళ్ళల్ల ఎక్కువ చూస్తం, పెండ్లి కొత్తల కూడ. అట్లని ఎవరితోనో తిరిగితేనే వస్తదని కాదు. లోపల కడిగేవాళ్ళకు వచ్చే అవకాశం ఎక్కువ. కడుగుడు బంద్ చెయ్యాలె.” కొంచెమాగి, “అంటురోగాల పరీక్షలు కూడ చేసిన. ఈ పూట తేలినవాటిల ఏం లేదు,” అన్నది.

నేను కాగితం సంగతి ఎత్తాను. అమ్మాయి నడవడిలో దోషం లేదని ఒక వాక్యం రాయుమని వేడుకొన్నాను.

ఆమె కలం మూత పెట్టింది. “నేను రోగానికి కాగితమిస్త. గుణానికియ్య. ఇయ్యాల ఈమెకు మంచిదని రాస్తే, రేపు ఇంకొకరు వచ్చి ఇంకో పిల్లకు చెడ్డదని రాయమంటరు.”

రోగం పేరు, మందు పేరు ఉన్న ఆ చీటీతోనే చేవెళ్ల షేర్ ఆటో ఎక్కాము. మరదలు అడిగినది అది కాదని ఇద్దరికీ తెలుసు.

మాపటికి ముందరి గదిలో అందరూ చేరినారు: మా తమ్ముడు, మేనల్లుడు, హిమాయత్‌నగర్ నుండి వచ్చిన అమ్మాయి తండ్రి, పక్క దుకాణపు పెద్దాయన. ఇటువంటి తగవులలో ఆయన మాటకు విలువ ఉన్నది. మరదలు వంటింటి గడపలో నిలబడ్డది. పెద్దాయన అద్దాలు పెట్టుకొని చీటీ అందుకొని, ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కొని, సగంలో ఆగి దగ్గినాడు.

“రోగమున్నదని రాసిందా లేదా, అది చెప్పుండ్రి పెద్దయ్యా,” అన్నది మరదలు.

“రాసింది.”

“అయిపాయె. ఇంకేం కావాలె?”

అమ్మాయి తండ్రి అంతవరకు తుండుగుడ్డను చేతులలో మెలిపెడుతున్నాడు. ఇప్పుడు లేచినాడు. ఎవరి వంకా చూడక, “పా బిడ్డా,” అన్నాడు.

అమ్మాయి లేచింది. ఆమె రెండడుగులు వేస్తే ఆ గదిలో జరుగవలసినది జరిగిపోతుంది.

“ఆగుండ్రి,” అన్నాను. “తప్పు నాది.”

నలభై ఏండ్లు తరగతిగదిలో మాట్లాడినదానిని. మగవారి ముందర ఎన్నడూ పలుకని మాటలు పలికాను. నాలుగో నాటి స్నానం, పటిక నీళ్ళు, మా అమ్మ నాకు చెప్పినది, నేను మరదలికి చెప్పినది, మరదలు కోడలికి చెప్పినది. పులుపుతో కాపాడే జీవులు లోపల తగ్గిపోయినవని, వాసన వచ్చినకొద్దీ కడిగించి మరింత చెరిపినామని.

“అక్కా!” అన్నాడు తమ్ముడు. “మొగోళ్ల ముందట ఏం మాటలివి?”

“మొగోళ్ల ముందటనే గదరా ఆ పిల్లను చెడ్డదన్నరు? ఆ మాటకు లేని సిగ్గు ఈ మాటకెందుకు? మంగళవారమే తేలకపోయింది మిషను చెడిపోయి కాదు, నేను కడిగిచ్చి తీస్కపోయినందుకు. డాక్టరమ్మ నన్ను తిట్టింది. పటికతోనే వచ్చిందని ఆమె ప్రమాణం చెయ్యలే. ఈ రోగం తిరిగితేనే వస్తదని మాత్రం ఎవరూ చెప్పలేరు. అంటురోగాలేవీ ఇప్పటికి కనపడలే.”

“నేను కడగలేదా ముప్పై ఏండ్లు? నాకేమైంది?” అన్నది మరదలు. అన్నదే గాని, సమాధానానికి నిలువక గిరుక్కున లోపలికి పోయినది.

నేను వెంట వెళ్ళాను. ఆమె పొయ్యి వైపు తిరిగి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది.

“నాకూ ఉండె వదినె. పిల్లగాడు పుట్టకముందు. మీ తమ్మునికి తెల్వనియ్యలే. రాయి పెట్టి రుద్దినట్టు కడిగిన. అదే వాసన. అందుకే నా ముక్కు పట్టింది.”

“మరి ఆ పిల్లనెట్ల అన్నవే ఆ మాట?”

“నేను ఏ పాపం చేసి తెచ్చుకున్ననో అని ఏండ్లు ఏడ్చిన. నాకైతే పాపం దొరకలే. దానికి హాస్టల్ దొరికింది.”

నేను ఆమె భుజం మీద చేయి వేశాను; ఆమె తీసివేయలేదు. కొంతసేపటికి కండ్లు తుడుచుకొని గడప దగ్గరకు వచ్చి, గదిలోని వారిని చూడకుండానే, “ఉంటే ఉండనీ,” అన్నది.

పెద్దాయన ఊపిరి వదిలి, “మంచిమాట. ఇగ అయిపోయింది, చాయ్ పెట్టమ్మా,” అన్నాడు.

“అయిపోలే తాతా,” అన్నది అమ్మాయి. ఆ సాయంకాలం ఆమె మొదటి మాట అదే. ఆమె భర్త వైపు తిరిగింది. “మూడు దినాలు. ఒక్క ఫోన్ చెయ్యలే నువ్వు.”

మేనల్లుడు గడియారం వైపు చూచినాడు. “అమ్మ వద్దన్నది.”

“అమ్మ వద్దంటే అన్నం మానేసినవా?”

పెద్దాయన నవ్వు ఆపుకోలేక మళ్ళీ దగ్గినాడు.

“ఉండనీ అంటే ఉండటానికి నేను సామాను కాదు. మా బాపు ఇంట్ల ఏడు దినాలు గోలీలేసుకుంట. ఎనిమిదోనాడు నువ్వు రా. అత్తమ్మను తోలియ్యకు, మామను తోలియ్యకు. నువ్వు రాకుంటే నేనొచ్చేది లేదు.”

ఆమె తండ్రి వెంట వెళ్ళిపోయినది. ఎవరూ ఆపలేదు. ఆమెను ఎవరూ పంపలేదు కూడ.

ఆ వారం నాకు కుదురు లేదు. ఆమె రోజూ ఫోను చేసి, నోరంతా ఇనుము చప్పరించినట్లున్నదని గోలీలను తిట్టేది. నాలుగోనాటికి వాసన పోయినదన్నది. మిగిలిన పరీక్షల ఫలితాలు కూడ వచ్చినవి. వాటిలోనూ ఏమీ లేదు. మేనల్లుడు ఫోను చేసినాడా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఎనిమిదోనాడు ఉదయమే హిమాయత్‌నగర్ వెళ్ళాను. ఆమె తండ్రి అంగడి తెరిచి, తూకం వేయవలసిన పప్పును చేతిలో పట్టుకొని వీధి వైపే చూస్తున్నాడు. పది దాటింది. పదకొండు దాటింది. లోపల అమ్మాయి చెల్లెలి జడ ఒకటి రెండుసార్లు విప్పి మళ్ళీ అల్లింది.

పన్నెండు కావస్తుండగా మేనల్లుని బండి వచ్చి ఆగింది. ఒక్కడే. అమ్మాయి తండ్రి కుర్చీ వేసినాడు, అతడు కూర్చోలేదు. అమ్మాయి గడపలోనికి వచ్చి నిలబడ్డది.

“తీస్కపోదామని వచ్చిన,” అన్నాడు.

“ఏమని తీస్కపోతున్నవ్? రోగం తగ్గిందనా, నా తప్పు లేదనా?”

అతడు బండి తాళంచెవిని వేలికి తిప్పసాగినాడు. అంగడికి ఎవరో వచ్చి ఉప్పు అడిగినారు, తండ్రి వినిపించుకోలేదు.

“రెండూ,” అన్నాడు నేల చూస్తూ.

“నా మొఖం చూసి చెప్పు.”

అతడు తల ఎత్తినాడు. ముఖం కందగడ్డవలె అయినది. “నీ తప్పు లేకుండె. నేనే రాలే.”

ఆమె లోపలికి వెళ్ళి బట్టల సంచి తెచ్చింది. నేను అందుకోబోతే, “నువ్వుండు పెద్దమ్మా,” అని దానిని అతని చేతికి ఇచ్చింది.